నీ వంతు వాక్యం

అనసూయక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొయినాబాద్‌లో మన పెద్దవాళ్ల చదువు ఇంకా సాగుతోంది. చదవడం నేర్పే అదే వెబ్‌సైటు. తెర మీద వాక్యం వస్తుంది, వరసలో ఒక్కొక్కరం పైకి చదువుతాం, సరిగ్గా చదివితే పచ్చ గుర్తు పడుతుంది. నీకు మాత్రం ఒక్కసారీ పడలేదు. నీ సన్నటి గొంతు దానికి వినపడేదే కాదు. "గట్టిగా చదవండి" అనేది, నువ్వు నవ్వేదానివి.

నీ కుర్చీ అలాగే ఉంచాం. నీ వంతు వస్తే సారు దాటించేస్తాడు. ఇవాళ బాలమణి ఆపింది.

"అక్క వంతు దాటియ్యకు సారూ. జరసేపు ఊకుందాం."

అందరం నోరు మూసుకుని కూర్చున్నాం. కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగింది, బ్యాటరీ మీద తెర ఒక్కటే వెలుగుతోంది. దాని మీద 'తలుపు తీయండి, నేను వచ్చాను' అని ఉంది.

పచ్చ గుర్తు పడింది.

"నెట్ సక్కగ లేదమ్మా, గిట్లనే అయితది" అంటూనే సారు మౌస్ మీది చెయ్యి తీసేశాడు.

'బాగా చదివారు. తరువాతివారు చదవండి' అని వచ్చింది.

నీ తరువాతి కుర్చీ నాదే కదా. లేచి వెళ్లి తలుపు తీశానక్కా.