గ్రానైటు దిగుడులో జరిగింది

రింగరూమా, టాస్మేనియా
అక్టోబరు 9

చిరంజీవి మెరిన్‌కు,

నాన్న ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ మీ బాబాయ్ డారెలూ లేచి తిరుగుతున్నాం. ఆ ఎడారి గనిలో నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావని తలుస్తాను. లోయలో వాన ఇంకా తెరిపివ్వలేదు. నీ ముసలి కుక్క నా మంచం కింద నుంచి కదలడం లేదు.

నీ ఉత్తరం అందింది. ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. నా దవడ రెండు చోట్ల విరిగిందమ్మా. పైపళ్ళూ కిందిపళ్ళూ కలిపి తీగతో బిగించారు. ఆరు వారాలు నోరు తెరవకూడదట. గుమ్మడికాయ సూపు స్ట్రాతో పీల్చుకుంటున్నాను.

కొండలు దిగడానికి ఏ సైకిలు కొనమంటావని కూడా అడిగావు. పోయిన నెల అడిగివుంటే, వెనక షాకబ్జరు లేని నా హార్డ్‌టెయిల్ లాంటిదే కొనమని ఒక్క ముక్కలో రాసి కవరు అంటించేవాణ్ణి. దాని మీద దిగుతుంటే ప్రతి వేరూ ప్రతి రాయీ మడమల్లోంచి నడుముకి ఎక్కుతుంది. అందుకే ఏ రాయి పక్కనుంచి పోవాలో ముందే తేల్చుకుని, మోకాళ్ళు వదులు చేసుకుని దిగుతాం. ఎక్కుడులో మాత్రం కాలి బలం చుక్క కూడా వృథా పోదు. బాబాయ్ సైకిలుకి ముందూ వెనకా షాకబ్జర్లే. బరువెక్కువ, ఎక్కుడులో కింద ఊగుతుంది, కీళ్ళలో బురద చేరితే కీచుమంటుంది. కానీ దిగుడులో దాని వెనక చక్రం నేలను వదలదు. నేను ఎగిరిపడే చోట అది రాయిని మింగేసి పోతుంది. మన నేర్పుకు మించిన వేగాన్ని తెచ్చి మన చేతిలో పెడుతుంది. రోజుకు పన్నెండు గంటలు లారీ తోలే నడుము నీది. రెండు షాకబ్జర్లున్నదే కొనుక్కో. బ్రేకులు మంచివి వేయించుకో.

ఇక బాబాయ్ చెయ్యి సంగతి. ఇద్దరం గుద్దుకుని పడ్డామని నీకు చెప్పాడు. డాక్టరుకీ అదే చెప్పాడు. ఇదే ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి నేనూ అదే రాసి చించేశాను. జరిగింది అది కాదు.

కొండ మీంచి దిగే ఆ సైకిలు దారి నేను తవ్వినదని నీకు తెలుసు. మూడు చలికాలాలు గడ్డపారతో ఆ గ్రానైటు బండలు దొర్లించి పేర్చాను. ఇది జరిగిన శనివారం పొద్దున మీ బాబాయ్ కొత్త సైకిలు తీసుకుని కొండపైకి వచ్చాడు.

"ఏం అన్నా, ఆ ఇనప ముక్కని ఇంకా పాత సామాన్లోడికి వెయ్యలేదా?" అన్నాడు.

"నువ్వు సోఫా ఎక్కి కొండ దిగుతున్నావు కదరా. టీ కూడా తెప్పించుకో."

"కింద నీకోసం తాగుతూ కూర్చుంటాలే. నడుం పట్టుకుని నిదానంగా రా."

నేను ముందు బయలుదేరాను. రాళ్ళ దిగుడు మొదలయ్యేదాకా నేనే ముందున్నాను. అక్కడ నేను పేర్చిన రాళ్ళ మధ్య సందు వెతుక్కుంటూ, పళ్ళు కొట్టుకుంటుంటే దిగుతున్నాను. వాడు వెనకనుంచి ఏ సందూ వెతక్కుండా ఆ రాళ్ళ మీదుగానే వచ్చేశాడు. నా చెవి పక్కకు రాగానే పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి, మోచేత్తో వాడి పక్కటెముకల్లో పొడిచాను. పొరపాటున తగల్లేదు మెరిన్, పొడిచాను.

వాడు గాల్లోకి లేచి బండకు కొట్టుకున్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు విన్నాను. నేనూ అదుపు తప్పి పడ్డాను. లేచేసరికి వాడు హెల్మెట్ ఊడదీసి చేత్తో పట్టుకుని నా మీదికి వస్తున్నాడు. దాంతో నా దవడ పగలగొట్టాడు. నోట్లో రక్తం, పన్నుముక్కలు. నేను వాడి గొంతు పట్టుకున్నాను. వాడు నా కంట్లో బొటనవేలు పొడిచాడు. యాభై దాటిన ఇద్దరం కుక్కల్లా బురదలో దొర్లి కొట్టుకున్నాం. చివరికి వాడి బలం అయిపోయింది. లేవబోతూ కుడి అరచెయ్యి బండ మీద ఆనించాడు. నా చేతికి ఇటుకంత రాయి దొరికింది.

"అన్నా, చాలు. ఇంక ఆపు," అన్నాడు.

విన్నాను. వినే కొట్టాను.

రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో రెండు ఇక ముడుచుకోవట. ముప్ఫై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించిన చెయ్యి అది. కత్తిరింపుల కాలం మొదలై అప్పటికి వారం.

ఆస్పత్రిలో పక్కపక్క మంచాలు ఇచ్చారు. మాట్లాడలేను కాబట్టి కాగితం మీద రాసి చూపించాను: ఎందుకు నవ్వావు?

వాడు కాగితం చదివాడు. "నవ్వానా? చేతులు బిగుసుకుపోయి బ్రేకు అందలేదన్నా. ఆ సైకిలు అంత జోరుగా పోతుందని నాకేం తెలుసు? చచ్చేంత భయమేసి, తప్పుకోమని అరిచాను. మొహమంతా కప్పిన హెల్మెట్‌లోంచి నీకెలా వినబడిందో."

పోలీసులకు చెబుతానని రాశాను.

"చెబితే నా వేళ్ళు మొలుస్తాయా? ఇంటికెళ్ళాక రోజూ వచ్చి చొక్కా గుండీలు పెట్టు. అది చాలు," అన్నాడు.

నాకు చాలదు. సోమవారం స్టేషనుకు వెళ్ళి రాసిస్తాను. వాడు కాదంటాడేమో, వాడి ఇష్టం.

రోజూ పొద్దున్నే వాడింటికి వెళ్తున్నాను. గుండీలు పెడతాను, మాంసం ముక్కలుగా కోసి పెడతాను. నిన్న గడ్డం గీస్తున్నాను. బ్లేడు గొంతు దగ్గరికి రాగానే ఒళ్ళంతా బిగబట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అక్కడ నా వేళ్ళ గుర్తులు ఇంకా పచ్చగా ఉన్నాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "కానివ్వు," అన్నాడు, కళ్ళు తెరవకుండా. ఆ కాస్తా గీయడానికి నాకు పావుగంట పట్టింది.

ఇదంతా చదివాక నన్ను ఏమని పిలుస్తావో, అసలు పిలుస్తావో లేదో నీ ఇష్టం. సంతకం మాత్రం ఎప్పటిలాగే పెడుతున్నాను.

ఇట్లు,
నీ నాన్న,
గార్త్