ఆ రోజు గంట కొట్టలేదు

నాగఓక,
1988 ఫిబ్రవరి 9

ప్రియమైన రిత్సూ,

నీ మోకాలు ఎలా ఉంది? ఈసారి మన కురసావాలో మంచు ఇళ్ల చూరుల దాకా వచ్చిందని టీవీలో చూపించారు. కప్పు మీద మంచు మీ అబ్బాయి తమొత్సు చేత తోయించు, నువ్వు ఎక్కకు. అరవై ఒకటి నిండినా, పట్టు మిల్లులో చేరిన పద్నాలుగేళ్ల పిల్లవే అనుకుంటావు.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. కాగితాల పని కోసం మా పాత కుటుంబ రిజిస్టరు నకలు తెప్పించాను. అందులో నాయనమ్మ సానొ పేరు మీద అడ్డగీత ఉంది. పక్కన ఇలా రాసి ఉంది: "1934 జనవరి 23. సమయం తెలియదు. కురసావా గుడి మెట్ల కింద మరణం."

రెండుసార్లు చదివాను. నాయనమ్మ నిమ్ము చేసి ఇంట్లోనే, పక్క మీదే పోయిందని అమ్మ చెప్పేది. చివరికి పెదాలు తడిపింది తనేనని కూడా చెప్పేది. మరి గుడి మెట్ల కిందికి ఆమె ఎలా వెళ్లింది? అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ వసంతంలోనే మేం ఊరు విడిచి వచ్చేశాం. మిల్లు హాస్టల్లో పక్కలు పక్కపక్కన పరుచుకున్న మొదటి రోజు నువ్వు చెప్పేదాకా నిన్ను గుర్తుపట్టనే లేదు, మనది ఒకే ఊరని కూడా నాకు తెలియదు.

గుడిలో, ఊళ్లో పోయినవాళ్ల పేర్లు రాసే పుస్తకం ఒకటి ఉంటుంది కదా. గుడి గురువుగారిని అడిగి ఆ ఏడాది పేజీ చూసి చెప్పవా? మే నెలలో వచ్చి నాయనమ్మ పేరున చిన్న రాయి పెట్టించాలని ఉంది. ఈ పని నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నీ తొకియె


కురసావా,
ఫిబ్రవరి 25

ప్రియమైన తొకీ,

ఉత్తరం అందింది. మోకాలు దాని పని అది చేస్తోంది, నా పని నేను చేస్తున్నాను. తమొత్సు రోజూ కప్పు ఎక్కి మంచు తోస్తున్నాడు, దిగాక రోజూ సణుగుతున్నాడు.

గురువుగారిని అడిగాను. ఆ ఏళ్ల పుస్తకం చెమ్మకి పాడైపోయిందట, అక్షరం ముక్క కనపడటం లేదన్నారు. సమయం తెలియదంటే అది గుమస్తా బద్ధకం అయ్యుంటుంది. ఆ రోజుల్లో ఎవరు ఏం రాశారో, ఎందుకు రాశారో ఎవరికి తెలుసు? మీ అమ్మ చెప్పిందే నిజమనుకో. పోయినవాళ్లని ఎందుకు కదిలిస్తావే.

కొండ మీద కోసి ఎండబెట్టిన జెన్మై కూర కొంచెం పంపుతున్నాను. ఒక రోజంతా నానబెట్టు, లేకపోతే చేదొస్తుంది. మే నెలలో దారులు బురదగా ఉంటాయి. రాయి సంగతి వచ్చే ఏడు చూద్దాం.

నీ రిత్సు


నాగఓక,
మార్చి 20

ప్రియమైన రిత్సూ,

నువ్వు వద్దన్నావు, నేను వినలేదు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను.

మన ఊరి బడి మూసేశాక దాని పుస్తకాలన్నీ ఇక్కడి విద్యాశాఖ ఆఫీసుకు చేర్చారట. అప్పటి హెడ్‌మాస్టరు రోజూ దినచర్య రాసేవాడు. ఆ పుస్తకం నా చేతికిచ్చి, పక్కనే కుర్చీ వేశారు. జనవరి 23 పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మధ్యాహ్నం నుంచి మంచు తుఫాను. ఒంటి గంటకే పిల్లల్ని పంపేశాను. గుడి గంట కొట్టలేదు." మర్నాడు: "సానొ ముసలమ్మ గుడి మెట్ల కింద దొరికింది. ఈ సంగతి బళ్లో మాట్లాడవద్దని పిల్లలకు చెప్పాను. ఒకటో తరగతి తొకియె రాలేదు."

అప్పటి పోస్టుమాన్ కసుకెగారు ఇక్కడే ఒక వృద్ధాశ్రమంలో ఉన్నాడని తెలిసి వెళ్లాను. తొంభై ఒకటి, కానీ మాట ఇంకా గట్టిగానే ఉంది. తుఫాను వస్తే వంతు ఉన్న ఇంటివాళ్లు గుడి గంట ఆపకుండా కొట్టాలట. కనుమ దాటి వచ్చేవాళ్లు ఆ చప్పుడు పట్టుకునే ఊళ్లోకి నడిచేవాళ్లట. మరి ఆ రోజు ఎందుకు కొట్టలేదని అడిగాను. ఆయన అన్నాడు: "మీ నాయనమ్మని ఊరు వెలివేసిందమ్మా. ఇళ్లలో దొంగచాటుగా పెట్టే బియ్యపు కల్లు సంగతి ఎక్సైజు వాళ్లకి చెప్పింది ఆవిడే. జాడీలన్నీ పగలగొట్టారు. ముగ్గురు మగాళ్లని తాడు కట్టి తీసుకుపోయారు. ఆ తరవాత ఆవిడతో ఎవరు మాట్లాడతారు?"

ఆ ముగ్గురిలో మీ చిన్నాన్న ఒకడట. జైల్లోనే జబ్బు చేసి పోయాడని నువ్వు హాస్టల్లో చెప్పిన చిన్నాన్నే కదా? ఇన్నేళ్లూ నీకు తెలిసే నా కంచంలో తిన్నావా, తెలియక తిన్నావా? ఎలా అయినా నాకు తల ఎత్తుకునే మొహం లేదు. రాయి మాట మరిచిపో. ఆ ఊళ్లో ఆమె పేరు చెక్కించే హక్కు మా ఇంటికి లేదు. మా ఇంటి తరఫున నిన్నూ, మీ వాళ్లందరినీ క్షమించమని అడుగుతున్నాను.

తొకియె


నాగఓక,
మే 22

రిత్సూ,

రెండు నెలలైంది. నీ కోపం నాకు అర్థమవుతుంది. ఒంట్లో బాగుందో లేదో, అది ఒక్కటి కార్డు మీద రాయి, చాలు.

తొకియె


కురసావా,
మే 30

తొకీకి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇది చదివాక, ఎందుకు రాలేదో నీకే తెలుస్తుంది.

నేను గురువుగారిని అడగనే లేదు. పుస్తకం శుభ్రంగా ఉంది. ఆ ఉత్తరంలో నీ కోసం రాసిన నిజం ఒక్కటే, జెన్మై నానబెట్టమన్నది.

మా ఆయన ఇల్లరికం వచ్చాక, 1956లో మా ఇంటికి గడ్డి కప్పు తీసి రేకులు వేయించాం. అప్పుడు దూలం మీద మా తాత యొహెయి డైరీ దొరికింది. ఎక్సైజు వాళ్ల దగ్గరికి వెళ్లింది ఆయన. అడవి వాటా దగ్గర ఊరి పెద్దతో గొడవ వచ్చి, ఆ కసి మీద వెళ్లి చెప్పి వచ్చాడు. తన కొడుకునే పట్టుకుపోతారని అనుకోలేదు. అదే రోజు మీ నాయనమ్మ గుడ్లు అమ్ముకోవడానికి పట్నం వెళ్లింది. ఊరంతా ఆమెనే అనుకుంది. తాత నోరు విప్పలేదు. వెలివేయాలన్నప్పుడు అందరితో పాటు చెయ్యెత్తాడు.

జనవరి 23న గంట వంతు మాది. ఆయన రాసుకున్నది ఇది: "సానొ కింది దారిలో పిలుస్తోంది. వంతు మనది. వెళ్లలేదు. ఆమె బతికి ఉన్నంతకాలం నిజం ఎక్కడ బయటపడుతుందోనని భయం. చీకటి పడేసరికి పిలుపు ఆగింది."

ముప్ఫై రెండేళ్లుగా నాకు తెలుసు, తొకీ. తెలిసే మీ అమ్మ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను. తెలిసే నీ కూతురి పెళ్లికొచ్చి నవ్వుతూ ఫొటోలో నిలబడ్డాను. నీ మార్చి ఉత్తరం వచ్చిన రోజే చదివాను. మడిచి సొరుగులో పెట్టాను. మా ఇంటి పాపానికి నువ్వు నన్ను క్షమాపణ అడిగావు, నేను ఊరుకున్నాను. మా తాత చేసింది ఆ రోజు. నేను చేసింది ఇప్పుడు, ఈ రెండు నెలలు.

నీ కార్డు వచ్చాక నిన్న ఆదివారం ఊరి కూటానికి డైరీ పట్టుకెళ్లాను. ఇప్పుడు ఉన్నవి పద్నాలుగిళ్లే. అందరి ముందూ చదివాను. ఊరి పెద్ద ఇప్పుడెందుకమ్మా అన్నాడు. తమొత్సు లేచి నా చేతిలోంచి పుస్తకం లాక్కోబోయాడు. "నీ తాత ఇంటిపేరే నాదీ అమ్మా. రేపు నా పిల్లలు ఈ ఊళ్లో ఎలా తిరుగుతారు?" అన్నాడు. వాడి తప్పు లేదు. ఇన్నేళ్లూ నేను అనుకున్నదే వాడు పైకి అన్నాడు.

అప్పుడు కియొ ముసలమ్మ మాట్లాడింది. ఎనభై ఎనిమిదేళ్లు, కూటాల్లో ఎప్పుడూ నోరెత్తదు. "యొహెయి ఒక్కడి మీదే పెట్టకండి. మా ఇంట్లోనూ వినపడింది. మా మామ దీపం ఆర్పేయమన్నాడు, నేనే ఆర్పాను" అంది. నీ గురించి కూడా చెప్పింది. నీకు జ్వరం. మీ నాన్న చలికాలం పనికి ఊరు దాటి పోయాడు. మీ అమ్మ పచ్చి బాలింత. ఊళ్లో ఎవరూ మందు తెచ్చిపెట్టరు కాబట్టి నాయనమ్మే కనుమ దాటింది. దొరికినప్పుడు పొట్లం ఆమె రొమ్ము దగ్గర ఉందట, తడవలేదట. కియొ అత్తగారు దాన్ని ఎవరూ చూడకుండా మీ గుమ్మంలో పెట్టి వచ్చేసిందట.

నన్ను క్షమించమని అడగను. డైరీ రిజిస్టరు పోస్టులో పంపాను, అది నీది. ఏం చేసుకున్నా నీ ఇష్టం.

రిత్సు


నాగఓక,
జూన్ 20

రిత్సుకి,

డైరీ అందింది. నువ్వు ఉత్తరంలో ఎత్తి రాసిన పేజీ తప్ప ఇంకేమీ చదవలేదు. చదవాలనిపించలేదు.

మూడు వారాలు రోజూ నీకు ఉత్తరం మొదలుపెట్టాను. అన్నీ తిట్లే. చించేశాను. మీ తాత మీద నాకు వచ్చిన కోపం పెద్దదేమీ కాదు. నేను ఎరగని మనిషి. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. మార్చిలో కసుకె మాట విన్న రోజు ఇంటికొచ్చి, పూజ అరలో అమ్మ పక్కన ఉన్న నాయనమ్మ ఫొటో తీసేశాను. బీరువాలో, చలికాలం దుప్పట్ల కింద పెట్టాను. రెండు నెలలు ఆమెను అసహ్యించుకున్నాను. నా మనవరాలు, ఫొటో ఏదని అడిగితే, ఆవిడ మంచిది కాదులే అన్నాను. నా కోసం మందు తేబోయి పోయిన మనిషిని ఆ మాట అన్నాను.

నువ్వు ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఆ మాట అనేదాన్ని కాదు. కానీ అన్నది నేనే, నువ్వు కాదు. ఊరు ఆమె గురించి ఏమంటే అది నమ్మింది. నేనూ అంతే, ఒక ముసలాయన ఒక్క మాటకి నమ్మేశాను. కనీసం ఇంకొకరినైనా అడగలేదు. ఇక నీకూ నాకూ ఎవరి సిగ్గు ఎక్కువని తూకం వేసుకోవడం దండగ.

మనవరాలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. అది "మరి అప్పుడెందుకు అలా అన్నావు?" అంది. ఫొటో తీసి మళ్లీ పూజ అరలో పెట్టాను.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మీ ఇంటికి కాదు. కియొగారిని చూడాలి, వాళ్ల అత్తగారి సమాధికి దణ్ణం పెట్టుకోవాలి. ఆ పైన నాయనమ్మ నడిచిన దారిలో ఒకసారి నడవాలి. నాకు ఆ దారి తెలియదు. బస్సు ఆగే చోట నువ్వు నిలబడి ఉండు. నేను మాట్లాడతానో లేదో నాకే తెలియదు, నువ్వూ ఏమీ మాట్లాడించకు. నీ మోకాలికి ఎంత నెమ్మదిగా కుదిరితే అంత నెమ్మదిగా ముందు నడువు. నేను నీ వెనకే వస్తాను.

తొకియె