మబ్బు ఆగే ఎత్తు

తమ్ముడు రమణయ్యకు సూళ్లూరుపేట నుంచి నీ అక్క దీవెనలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? తైలం రాస్తున్నావా, సీసా గూట్లోనే ఉందా? మరదలికి కళ్లు మసకలన్నావు, డాక్టరుకు చూపించావా? చిన్నాయన అన్నం తింటున్నాడా? నల్లకోడిని కుక్కలు పట్టుకుపోలేదు కదా? ఇక నీ కూతురు, నా కోడలు లక్ష్మి ఎలా ఉంది? దాన్ని చివర అడిగానని అనుకోవద్దు, అడగడానికే ఇంతసేపు పట్టింది. నా కొడుకు శీనయ్య పళ్లెం ఇంకా బోర్లించకుండానే ఉంచిందా? సముద్రం మీదికి పోయినవాడు తిరిగొచ్చేదాకా వాడి పళ్లెం బోర్లించకూడదని దానికి నేర్పింది నేనే.

నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు. నా కూతురు సుజాత బాగా చూసుకుంటోంది. మూడో అంతస్తు, గాలి బాగా వస్తుంది, కానీ అందులో ఉప్పు వాసన లేదు. పిల్ల పొద్దున పనికి పోతే సాయంత్రం దాకా పలకరించే మనిషి లేదు. గ్యాసు ఆపానో లేదో అని ఊరికే లేచి చూసుకుంటూ ఉంటాను. ఇక్కడ దొరికే చేప ఐసులో ఉండి ఉండి కళ్లు తెల్లబడి ఉంటుంది, నోటికి పోదు. అయినా బాగానే ఉన్నాను.

ఫోను చెయ్యకుండా ఎందుకు రాస్తున్నానంటావేమో. ఫోనులో లక్ష్మి గొంతు వింటే నాకు మాట రాదు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఓర్చుకుని చదువు.

"ఆకాశాన్ని చదివి నీ కూతురు ఏం పట్టుకొస్తాదక్కా, వంజరం చేపా?" అని ఎగతాళి చేసేవాడివి. నేను మాత్రం, మన శీనయ్య పడవ తిరిగి రాని నాటి నుంచి, ఆ చదువు మీదే ఆశ పెట్టుకున్నాను. ఉపగ్రహాలతో పని చేసే పిల్ల అన్నను వెతకదా అనుకున్నాను. కర్మ చేద్దామని నువ్వు అన్నప్పుడల్లా ఆగమన్నది అందుకే. ఇక్కడికి వచ్చిందీ అందుకే.

పోయిన ఆదివారం ధైర్యం చేసి అడిగాను. "నీ ఉపగ్రహాలకు అన్న పడవ యాడన్నా కనబడిందా తల్లీ?"

సుజాత నన్ను బాల్కనీలోకి తీసుకుపోయి, తూర్పున లేచిన ఉరుము మబ్బును చూపించింది.

"ఆ మబ్బు నెత్తి చూడు మా, చదునుగా పరుచుకోలా? పైకి పోయేకొద్దీ గాలి చల్లబడతా పోతాది. పదహారు, పదిహేడు కిలోమీటర్ల కాడ అన్నిటికన్నా చల్లన. ఆ పైన మళ్లీ వేడెక్కతాది. మబ్బు దాన్ని దాటలేక అట్టా పక్కకు పరుచుకుంటాది. ఒక ఉపగ్రహం పంపిన సిగ్నల్ గాలిలో ఎంత వంగిందో ఇంకోటి పట్టుకుంటాది. దాన్నిబట్టి ఆ చల్లదనం, ఆ ఎత్తు లెక్క కట్టేదే నా పని."

"మరి కింద నీళ్లు?"

"నీళ్లలో మనిషిని చూసేవి కావు మా అవి."

"అన్న పోయిన రోజుది ఒక్క బొమ్మన్నా చూడు బిడ్డా."

"ఎప్పుడో చూసినాను. మళ్లీ మళ్లీ చూసినాను. ఆ రోజు మన సముద్రం మీద పైగాలి ఎంత చల్లగా ఉండిందో చెప్పగలను మా. అన్న యాడుండాడో చెప్పలేను."

అని నా ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. దానికి చేతనైనంత అది వెతికింది రమణయ్యా. ఇక దాన్ని అడగను.

కర్మ చేద్దాం. లక్ష్మికి ఈ ఉత్తరం చదివి వినిపించవద్దు. పక్కన కూర్చుని నీ నోటితో మెల్లగా చెప్పు. దాని గాజుల జోలికి ఎవరూ పోకూడదు, అత్త మాటని చెప్పు. అవి వాడు నాయుడుపేటలో మోజుపడి కొన్నవి. చిన్నాయనకు నా దండాలు, నా గుండె గట్టిపడేలా దీవించమను. నువ్వు తైలం రాసుకో, మర్చిపోవద్దు.

పళ్లెం మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. నేను వచ్చి నా చేత్తోనే బోర్లిస్తాను. అమావాస్య నాడు పడవలు సముద్రంలోకి దిగవు, అందరూ ఇంటి దగ్గరే ఉంటారు. నేనూ సుజాతా నాయుడుపేటలో వాకాడు బస్సెక్కి వస్తాము. వచ్చే అమావాస్య, పొద్దునే.

నీ అక్క,
కామాక్షమ్మ