ఎడమ పక్క

8 జూన్ 2025, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను. ఇప్పుడు రాయకపోతే శుభాకర్‌ని తిట్టేస్తాను. పాపం, మా ఆయన తప్పేమీ లేదు.

ఆరాధన అయ్యాక డేవిడ్ రాజు మావయ్య నా మిక్స్‌ని హాల్లో స్పీకర్లలో పెట్టాడు. మావయ్య మా క్వాయిర్ లీడర్. సెప్టెంబర్లో చర్చికి వందేళ్లు నిండుతాయి, అప్పటికి ఎనిమిది పాటల ఆల్బమ్ రావాలి. గొంతులూ కీబోర్డూ విడివిడిగా రికార్డ్ చేసి నాకిచ్చారు. ఎవరు ఎంత వినపడాలి, ఏ పక్క వినపడాలి అని చూసుకుని ఒక పాటగా కలపడం నా పని. ఇది మొదటి పాట.

సగం కాకముందే జాక్సన్ నవ్వాడు. అతనికి గాజువాకలో స్టూడియో ఉంది. పాటంతా ఎడమ పక్కకి ఒరిగిపోయిందట, అటుపక్క కింది స్వరం పాడే ఆల్టో ఆడవాళ్లు అరుస్తున్నట్టుందట. "హెడ్‌ఫోన్స్‌లో సేత్తే ఇలగే ఉంటాది మావా. మిక్సింగంటే స్పీకర్ల ముందు కూకుని సెయ్యాల" అన్నాడు, ముప్ఫై మంది ముందు.

నాకు మాత్రం బాగానే వినపడింది. ఆ మాట అనబోతే మావయ్య కళ్లతోనే ఆపాడు.

9 జూన్

ఫ్యాక్టరీ బస్సులో అచ్యుతాపురం దాకా అదే ఆలోచన. స్పీకర్లు పెట్టుకోవడం నాకు చేతకాక కాదు. రెండు గదుల పోర్షన్. పక్క గోడ అవతల ఇంటి ఓనరమ్మ, ఇవతల బస్టాప్. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మంచి స్టూడియో గదిలో కూర్చున్నట్టు, ఎదురుగా రెండు స్పీకర్లు మోగుతున్నట్టు వినిపిస్తుంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఉన్నది బీరువా. రెండేళ్ల క్రితం క్రిస్మస్ పాటలు ఇలాగే చేశాను. అప్పుడు ఇదే జాక్సన్ మెచ్చుకుని, ఏ స్పీకర్లమ్మా అని అడిగాడు. అది ఇవాళ ఎవరికీ గుర్తులేదు.

12 జూన్, సాయంత్రం 5

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంగ్లిష్‌లో గట్టిగానే మెయిల్ పెట్టాను. మీ ఎడమ స్పీకర్ తక్కువగా మోగుతోంది, అది నమ్మి నేను ఎడమ పెంచుతున్నాను, జనం నన్ను చూసి నవ్వుతున్నారు అని. జవాబు వచ్చింది. ముందు మీ హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకుని చూడండి, తేడా రెండో పక్కకి మారితే హెడ్‌ఫోన్ చెడిపోయినట్టు అన్నారు. తప్పు ఎప్పుడూ కొన్నవాళ్లదే.

13 జూన్

తిరగేసి పెట్టాను.

ఎడమదే తక్కువ. మళ్లీ సరిగ్గా పెట్టాను. ఎడమదే. శుభాకర్ ఇయర్‌ఫోన్స్ తీసుకుని, సాఫ్ట్‌వేర్ ఆపేసి, అవీ తిరగేసి పెట్టాను. ఎటు తిప్పినా నా ఎడమ పక్కే తక్కువ.

14 జూన్

జాక్సన్ చెప్పిందే నిజమైతే బాగుండేది.

17 జూన్

చెవి డాక్టరమ్మ నన్ను అద్దాల పెట్టె లాంటి గదిలో కూర్చోబెట్టింది. శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడివైపు నొక్కుతూనే ఉన్నాను. ఎడమవైపు ఒక దగ్గర చాలాసేపు ఏమీ రాలేదు. మెషిన్ ఆగిందేమో అనుకుని తలెత్తితే డాక్టరమ్మ అవతల నుంచి నన్నే చూస్తోంది.

కాగితం మీద కుడిచెవి గీత నేరుగా పోయింది. ఎడమ గీత సన్నటి శబ్దాల దగ్గర గోతిలో పడింది. నరం దెబ్బతింది, తిరిగి రాదు అంది. ఎక్కడ పని చేస్తావని అడిగింది. చెప్పాను. ప్రెస్ నీకు ఏ పక్క ఉంటుంది అని అడిగింది.

ఎడమ పక్క. ఆరేళ్లుగా. రేకు మీద ఆ పవర్ ప్రెస్ నిమిషానికి నలభై దెబ్బలు కొడుతుంది. వచ్చిన ముక్కలు తీసి వంకర ఉందా, గీత పడిందా అని చెక్ చేయడం నా ఉద్యోగం. చెవుల్లో పెట్టుకోమని స్పాంజి ముక్కలిస్తారు. రెండు రోజులకి నలిగిపోతాయి, నెలకి ఒక జత.

ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్పాను. అతను పోర్టులో ట్రైలర్ నడుపుతాడు, మాటలు తక్కువ. లేచి వచ్చి నాకు కుడి పక్కన కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

19 జూన్

ఇప్పుడు తెలిసింది.

డాక్టర్ కాగితం పట్టుకుని హెచ్.ఆర్. నీలకంఠం గారి దగ్గరికెళ్లాను. ఆయన కాగితం వైపు చూడనే లేదు. "మీరు ఇంట్లో పాటలు మిక్స్ చేస్తారట కదమ్మా. గంటలు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవులేం కావాలి?" అన్నాడు. ఏటా మెడికల్ చేయిస్తున్నాం, మీకు అన్నీ నార్మలే అని కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

మూడేళ్ల రిపోర్టులు. వినికిడి పరీక్ష, కుడి నార్మల్, ఎడమ నార్మల్. మూడేళ్లూ అవే అంకెలు, ఒక్కటీ మారలేదు. కింద ఇంగ్లిష్‌లో నా సంతకం. నేను బ్యాంకులో కూడా తెలుగులోనే సంతకం పెడతాను.

మెడికల్ అంటే ఏం చేస్తారో నాకు తెలియదా? క్యాంటీన్లో బల్ల వేసి బరువు, బీపీ చూస్తారు, గోడ మీద అక్షరాలు చదవమంటారు. మా చెవి దగ్గరికి ఎవరూ రాలేదు. నేను వినని శబ్దాలను నేను విన్నానని మూడుసార్లు రాసుకున్నారు.

నా పాటల్ని అన్నందుకు ఎక్కువ మండిందా, దొంగ సంతకానికా? చెప్పలేను. నా ప్రాణంతో సమానమైన పనిని తెచ్చి వాళ్ల తప్పుకి మూతగా పెట్టారు. హెడ్‌ఫోన్స్ వల్లయితే రెండు చెవులూ పోవాలి కదా సార్ అన్నాను. లంచ్ టైమ్ అయింది అన్నాడు.

23 జూన్

ఇవాళ సీతాలుని చూస్తూ ఉండిపోయాను. ప్రెస్ పక్కనే, నాకు ఎదురుగా నిలబడి ముక్కలు అందిస్తుంది. పూడిమడక నుంచి వస్తుంది, వాళ్లాయన తాతబాబు సముద్రం మీద వేటకెళ్తాడు. ఆమెది బటన్ల ఫోను. జన్మలో హెడ్‌ఫోన్ ముట్టుకోలేదు. టీ టైంలో ఫోనొస్తే ఎడమ చెవికి పెట్టుకుంది. శుక్రవారమూ అంతే, శనివారమూ అంతే. కుడిచేత్తో తీసి, చేతులు మార్చుకుని మరీ ఎడమ చెవికి.

ప్రెస్ ఆమెకి కుడి పక్క.

అడిగాను. ముందు నవ్వేసింది. తర్వాత చెప్పింది. "పిలిత్తే పలకవు, నీకేటే అంత పొగరు అని మా ఆయన తిట్టని రోజు లేదు. నానూ పరాకనే అనుకున్నాను గానీ, వినపడక అని నాకేటి తెలుసు?"

డాక్టర్ దగ్గరికి రమ్మంటే భయపడింది. ఉద్యోగం పోతే ఏటి సేత్తాం అంది. బలవంతం చేయలేదు.

29 జూన్, ఆదివారం

సీతాలు తనే వచ్చింది, పొద్దున్నే రెండు బస్సులు మారి. తాతబాబు కూడా వచ్చాడు. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. నాకు ఎడమన గొయ్యి, ఆమెకి కుడిన గొయ్యి. తాతబాబు చాలాసేపు ఆ కాగితం చూశాడు. బయటికొచ్చాక సీతాలుకి ఎడమ పక్కకి మారి నడిచాడు.

2 జూలై

ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఇద్దరి సంతకాలు, ఇద్దరి కాగితాలు, ఆ రోజు నీలకంఠం స్క్రీన్‌ని నేను ఫోన్‌తో తీసిన ఫోటో. ముద్ర కొట్టిన కాపీ ఇచ్చారు.

7 జూలై

నన్ను ప్యాకింగ్‌కి మార్చారు. "మీ ఆరోగ్యం కోసమే." సీతాలుని అక్కడే ఉంచారు. ఆమెకి ఆరోగ్యం లేదు కాబోలు.

లైన్లో ఆడవాళ్లు సగం మంది మాతో మాట్లాడటం మానేశారు. ఫ్యాక్టరీ మూసేస్తారని ఎవరో చెప్పారట. సాయిదుర్గ అయితే ముఖం మీదే అడిగింది, నీ పాటల గొడవలోకి మమ్మల్ని ఎందుకు లాగావని.

20 జూలై, ఆదివారం

డేవిడ్ రాజు మావయ్య ఇంటికొచ్చి, అటూ ఇటూ మాట్లాడి, చివరికి చెప్పాడు. ఆల్బమ్ జాక్సన్‌కి ఇద్దామని కమిటీ అనుకుంటోందట. ఒక చెవి సరిగా లేని మనిషి మిక్స్ ఎలా చేస్తుంది అని జాక్సన్ అడిగాడట.

నేను కేకలేయలేదు. మావయ్యా, ఆ ఎనిమిది పాటల్లో ఎవరి గొంతు ఎక్కడ బొంగురుపోతుందో నాకు తెలుసు, అతనికి తెలుసా అని అడిగాను. ఎడమ పక్క నాకు తక్కువని ఇప్పుడు తెలుసు కాబట్టి చూసుకుని చేస్తాను, తెలియని రోజుల్లోనే తప్పు జరిగింది అన్నాను. మావయ్య టీ చల్లారిపోయింది. "రెండు పాటలు సెయ్యి. ఇంటాను. బాలేకపోతే నీకూ మొహమాటం ఉండదు, నాకూ ఉండదు" అన్నాడు.

6 ఆగస్టు

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. ప్రెస్ ఆపమనలేదు, దాని పక్కనే నిలబడి శబ్దం కొలిచే మీటర్ పట్టుకున్నారు. మాట్లాడాల్సి వచ్చినప్పుడు అరవాల్సి వచ్చింది. అది ఆయనే గమనించి నవ్వారు, నీలకంఠం నవ్వలేదు.

22 ఆగస్టు

ఇన్‌స్పెక్టర్ గారు పంపిన వినికిడి పరీక్ష బండి గేట్ లోపలికి వచ్చింది. అరవై రెండు మంది. పంతొమ్మిది మందికి తేడా ఉంది. సాయిదుర్గకి రెండు చెవులూ. బండి దిగి మెట్ల మీద కూర్చుండిపోయింది. పక్కన కూర్చున్నాను.

1 సెప్టెంబర్

ప్రెస్ చుట్టూ గది కట్టమని, అందరికీ చెవుల మీద కప్పుకునే మఫ్‌లు ఇవ్వమని రాతపూర్వకంగా ఆర్డర్ వచ్చింది. దొంగ రిపోర్టుల మీద కేసు వేరేగా నడుస్తుందట. నీలకంఠం ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి బాగున్నారా అమ్మా అని అడిగాడు. బాగోలేదండీ అన్నాను. ఆ మాట ఎవరికైనా చెప్పడం ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

7 సెప్టెంబర్, ఆదివారం

నెల రోజులుగా ఆదివారాలు సీతాలు మా ఇంటికి వస్తోంది. నేనే రమ్మన్నాను. ఆమెకి ఎడమ చెవి బాగుంది, నాకు కుడి. చర్చి పాటలు ఆమెకి కొత్త. మొదటి రోజు హెడ్‌ఫోన్స్ పెట్టగానే వెనక్కి తిరిగి చూసింది, గదిలో ఎవరో పాడుతున్నారని. ఇప్పుడు బీరువా వైపు వేలు చూపించి మరీ చెబుతోంది. "ఈ పక్కోలు ఎక్కువైపోనారు. ఆ మూలావిడని కొంచెం ముందరికి తే."

మావయ్య ఏడు పాటలు విన్నాడు. ఏడూ ఉంచేశాడు. జాక్సన్ కూడా విన్నాడట. ఏమన్నాడని నేను అడగలేదు.

14 సెప్టెంబర్, ఆదివారం

ఎనిమిదో పాట. రెండో చరణం దగ్గర సీతాలు ఆపమంది. ఎడమ చివర ఒకావిడ పాట ఎత్తుకునే ముందర సన్నగా ఊపిరి తీత్తన్నాది అంది. అక్కడ నిలబడి పాడింది ఆరోగ్యమ్మ గారు, డెబ్బై ఏళ్లావిడ. నాకేమీ వినపడలేదు. ఆ గొంతుని కుడి పక్కకి తిప్పితే నాకూ వినపడుతుంది.

తిప్పలేదు. ఊపిరి ఉందని సీతాలు అంది. ఉంచేశాను.