దుప్పటిమెట్ట కింద బోర్డు, మా ఇంటాయన బిళ్ల

మెట్టవలస,
20-2-1989.

బరంపురం కొండదారుల ఆఫీసు పెద్ద అధికారి గారి సముఖమునకు, గంజాం జిల్లా మెట్టవలస గ్రామం పైల వారి కోడలు అమ్మడు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: దుప్పటిమెట్ట కింద పాతిన వాతావరణం బోర్డు తప్పు చెప్పుచున్నందున దానిని మార్చుట గురించి; దారి చూపే పని నుండి మా ఇంటాయనను తొలగించి తీసుకున్న ఇత్తడి బిళ్లను శివరాత్రి లోపల తిరిగి ఇప్పించుట గురించి.

ఇది నా మూడో అర్జీ. మొదటి రెండూ తమ గుమస్తా గారు తిప్పి ఇచ్చేశారు. అర్జీ ఫారం నాలుగో గడిలో 'భర్త పేరు' ఖాళీగా ఉందన్నారు. మొదటిసారి మా అత్త కూర్మమ్మ నాతో వచ్చి, కొడుకు పేరు ఆఫీసంతా వినపడేలా చెప్పింది. అర్జీదారు రాయాలి గాని పక్కవాళ్లు చెబితే చెల్లదన్నారు. రెండోసారి 'కూర్మమ్మ గారి పెద్ద కొడుకు' అని రాశాను. అది పేరు కాదు, చుట్టరికం అన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. రాయడం రాక కాదు. మా ఇళ్లల్లో ఆడది పెనిమిటి పేరు నోటితో పలకదు, చేత్తో రాయదు. అలా చేస్తే ఆయనకి ఆయుష్షు తరుగుతుందంటారు. కనుక ఈసారి కూడా ఆ గడి వదిలి మిగతా కాగితం నింపుతున్నాను. కింద దాకా చదవవలెనని ప్రార్థన.

1. బోర్డు. దీపావళి వెళ్లాక తమ ఆఫీసు వారు దీన్ని కొండ మొదట్లో పాతించారు. పైన 'నేటి వాతావరణం' అని, కింద 'ఆకాశం నిర్మలం, కొండ ఎక్కుటకు అనుకూలం' అని ఒడియాలోనూ తెలుగులోనూ ఉంది. రెండు వరసలూ నూనె రంగుతో రాశారు. సుద్దతో రాస్తే రోజూ ఒక మనిషి రావాలి కదా అన్నాడు రంగు వేసినాయన. అప్పటినుంచి వంద రోజులు దాటింది. అన్ని రోజులూ నేడే, అన్ని రోజులూ నిర్మలమే.

2. మాఘంలో ఈ మెట్ట గుణం తమకు తెలియదు గనుక విన్నవించుకుంటున్నాను. పొద్దున్న కింద పొలాల్లో మంచు పట్టి ఉంటుంది, పైన తేటగా ఉంటుంది. పట్నం వాళ్లు పైకి చూసి ఒంటి చొక్కాలతో ఎక్కేస్తారు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. తూరుపు లోయలోంచి మబ్బు పాక్కుంటూ వచ్చి, ఒక చుట్ట కాల్చేలోగా మెట్టని నెత్తి నుంచి నడుం దాకా కప్పేస్తుంది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. వాన పడదు గాని బట్టలు పిండితే నీళ్లు కారతాయి. ఆ తడి మీద గాలి కొడితే పళ్లు కొట్టుకుంటాయి. ఊరికే దుప్పటిమెట్ట అనలేదు. తమరు పొద్దున్న ఎనిమిదింటికి జీపులో వచ్చి చూసి వెళ్లారు. అప్పుడు నిర్మలంగానే ఉంది, కాదనను.

3. ఈ నెల ఎనిమిదో తారీకు బుధవారం బరంపురం నుంచి బ్యాంకు ఉద్యోగులు శ్యామసుందర్ గారు, ఆయన స్నేహితుడు వచ్చి, కొండ ఎక్కించమని మా ఇంటాయనని అడిగారు. ఈయన గాలి చూసి, రేపు రమ్మన్నారు. వాళ్లు బోర్డు చూపించి, గవర్నమెంటు కంటే నీకెక్కువ తెలుసా అని నవ్వారట. ఈయన మెడలో ఉన్న బిళ్ల కూడా గవర్నమెంటుదే. ఏమంటారు? రెండింటిలోగా దిగిపోవాలని మాట తీసుకుని ఎక్కించారు. వాళ్లు పైన ఫోటోలు తీసుకుంటూ మూడు దాకా కదలలేదు. మబ్బు దుప్పటి దిగిపోయింది.

4. ఇక్కడినుంచి నా సంగతి. ఇది ఇంతవరకు ఎవరికీ రాయలేదు.

మెట్టకి ఆఖరి ఇల్లు మాదే. దుప్పటి దిగితే కింద ఉన్నవాళ్లు ఇత్తడి పళ్లెం కొట్టి, పైనున్న మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు పట్టుకుని వాళ్లు దిగుతారు. పేరు లేని పిలుపు వినపడితే మాత్రం ఉన్నచోట కూర్చోవాలి, అడుగు వెయ్యకూడదు. లోయ అన్ని గొంతులనీ తిప్పి కొడుతుంది, ఎవరు ఎవరిని పిలిచారో తెలియదు. దెయ్యం అని పెద్దవాళ్లు అంటారు. ఏదైనా సరే, అలా కదిలి లోయలో పడినవాళ్లు ఉన్నారు.

ఆ రోజు సంత. కొండ చీపుళ్లు అమ్మడానికి మా అత్తతో సహా ఆడవాళ్లంతా వెళ్లారు. మగవాళ్లు మిరప తోటల్లో ఉన్నారు. నేనొక్కదాన్నే. పళ్లెం కొట్టాను. "ఇటు రండి, ఇదిగో ఇటు" అని పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. పేరు మాత్రం నాలిక మీదికి వచ్చి ఆగిపోయింది. ఆయుష్షు తరుగుతుందని పలకలేదయ్యా, ఆ ఆయుష్షే పైన చలిలో కూర్చుని ఉంటే.

మర్నాడు ఎండ వచ్చాక దిగారు. తన కంబళి వాళ్లిద్దరికీ కప్పేసి ఈయన తడి పంచెతో కూర్చున్నారట. నాలుగు రోజులు జ్వరం. ఇప్పటికీ దగ్గు ఉంది.

5. తమ ఆఫీసు విచారణలో శ్యామసుందర్ గారు, కింద నుంచి ఆడమనిషి పిలుస్తున్నా ఈ మనిషి మమ్మల్ని కదలనివ్వలేదు అని చెప్పారు. అది నిజమే. మా ఇంటాయన, నాకు ఏ పిలుపూ వినపడలేదు అన్నారు. అది అబద్ధం. అబద్ధం ఆడాడని బిళ్ల తీసుకున్నారు.

ఇంటికి వచ్చాక అడిగాను, ఎందుకలా చెప్పారని.

"మరేటి సెప్పమంటావు? నా పెళ్లాం పిలిసింది గానీ పేరెట్టలేదు అననా? ఆఫీసోళ్లంతా నీ మీద నవ్వుకుంటే బాగుంటదేటి?" అన్నారు.

కావున తప్పు ఆయనది కాదు. బోర్డుది ఒకటి, నాది ఒకటి. బోర్డు మీద తమరు రంగు వేయించారు, నా నోటి మీద ఎవరు వేశారో నాకు తెలియదు.

6. కోరునది: బోర్డు మీద కింది వరస చెరిపించి సుద్ద పెట్టించవలెను. రోజూ మనిషిని పంపలేకపోతే నేనే రాస్తాను, జీతం అక్కరలేదు. మధ్యాహ్నం మాట కూడా రాస్తాను. శివరాత్రికి వందల మంది ఎక్కుతారు. దారి తెలిసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి వాళ్లని ఆ బోర్డుకి అప్పగించవద్దు. ఆయన బిళ్ల ఆయనకి ఇప్పించవలెను.

ఇదంతా తమరు ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అమ్మడు

తా.క. ఈ కాగితం మడిచి పెట్టాక, చీపురు గడ్డికని మా ఇంటాయన బిళ్ల లేకుండానే పైకి వెళ్లారు. దగ్గుతోనే వెళ్లారు, వద్దంటే వినలేదు. మూడింటికి దుప్పటి దిగింది. మా అత్త ఇంట్లోనే ఉంది. తను పిలవబోతే ఆపి, పళ్లెం నేను తీసుకున్నాను. రెండుసార్లు గొంతు రాలేదు. మూడోసారి వచ్చింది. పైనుంచి బదులు వెంటనే రాలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు వచ్చింది. పిలుస్తూనే ఉన్నాను, దిగుతూనే ఉన్నారు. గడ్డిమోపు వాకిట్లో పడేసి, "నా పేరు అంత దూరం వస్తదని నాకే తెల్దే" అన్నారు. మా అత్త లోపలికి వెళ్లిపోయింది.

గుమస్తా గారికి చెప్పవలెను, నాలుగో గడి నింపాను. భర్త పేరు: పైల మసేను.

ఈ కాగితం ఇవ్వడానికి వచ్చేటప్పుడు బోర్డు చూశాను. ఇవాళ కూడా ఆకాశం నిర్మలమే.