చిరునామాదారు ఇంకా పుట్టలేదు

నవంబరు 4, 2025

సుగిసవా పట్టణ కార్యాలయం, విన్నపాల విభాగం వారికి,

అయ్యా, కొండల మీద తొలి మంచు కనబడుతోంది. మీ గదుల్లో హీటర్లు వెలుగుతూ ఉంటాయి. మాకు ఆ అదృష్టం లేదు.

నేను నెమొతొ ఇసాము. వయసు ఎనభై నాలుగు. ఈ ఊరి గేట్‌బాల్ సంఘానికి అధ్యక్షుణ్ణి. సుత్తికర్రతో బంతిని కొట్టి చిన్న గేట్లలోంచి పంపే ఆట మాది. మా ఆటస్థలం ఏటా ఐదు నెలలు మంచు కిందే ఉంటుంది. దానికి కప్పు వేయమని ఆరేళ్ళుగా రాస్తున్నాను. మా పక్కింటి కుమగాయికి తొంభై ఒకటి నిండాయి. పోయేలోగా ఒక్క చలికాలమైనా ఆడాలని అతని కోరిక. వచ్చే ఏడు చూద్దామని మీరు మళ్ళీ రాస్తే, ఆ ఉత్తరం ఎవరికి చదివి వినిపించమంటారు?

ఇట్లు,
ఓపిక నశించిన నెమొతొ ఇసాము

తా.క. మా సంఘంలో అరవై మందిమి. సగం మందికి మతిమరుపు. జూన్‌లో మేయరు ఎన్నికలని మాత్రం అందరికీ గుర్తుంది.

*

నవంబరు 11, 2025

గౌరవనీయులు నెమొతొ గారికి,

ఆకులు రాలే ఈ రోజుల్లో మీ ఆరోగ్యం చక్కగా ఉండాలని కార్యాలయం కోరుకుంటోంది.

మీ విన్నపాన్ని మేయరు గారు మన్నించారు. తూర్పు కొండ మీద పట్టణానికి చెందిన దేవదారుల్లో నలభై చెట్లను మంచు కరగగానే నరికించి, ఎన్నికల లోపే కప్పు నిలబెడతామన్నారు.

ఇంకో సంగతి. ఊరి భవిష్యత్తు గురించి ఊరివాళ్ళతో జరిపే ‘2085 సభ’కు తీసిన చీటీల్లో మీ పేరు వచ్చింది. సభలో మీకు ఆకుపచ్చ పండగ అంగీ ఇస్తాం. అది ఒంటి మీద ఉన్నంతసేపూ మీరు 2085లో ఈ ఊళ్ళో నివసించే మనిషి. అప్పటి మనిషిగా ఏమనిపిస్తే అది చెప్పాలి. విప్పేశాక మామూలే.

విధేయురాలు,
ఒనొదెరా మిహో, గుమాస్తా

తా.క. సభ అవగానే అంగీ తిరిగి ఇవ్వవలెను. పోయినసారి రెండు తగ్గాయి.

*

నవంబరు 24, 2085

2025లో పట్టణ కార్యాలయంలో పనిచేసిన పెద్దలకు నమస్కారాలు.

మీరంతా ఈపాటికి క్షేమంగా కాలధర్మం చెంది ఉంటారని తలుస్తాను.

నేను నెమొతొ వారింట్లోనే ఉంటున్నాను. ఇసాము గారి మునిమనవణ్ణి. ఇవాళ తూర్పు కొండ ఎక్కి, అన్నిటికంటే పెద్ద దేవదారును కౌగలించుకుందామని చేతులు చాచాను. సగం దూరం కూడా పోలేదు. తలెత్తితే చెట్టు కొస కనబడలేదు. పైన ఎక్కడో గాలి తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఏం చేయాలో తోచక టోపీ తీసేశాను.

వీటిలో నలభై చెట్లు మీరు నరికించబోతున్నారట. నన్ను అడిగారా? నేనింకా లేను కదా అని అడగలేదా? దయచేసి ఆపండి.

ఇట్లు,
మీ తర్వాతివాడు

తా.క. మా ముత్తాత ఇసాము గారు గురి తప్పినప్పుడల్లా బంతి గుండ్రంగా లేదనేవారట. ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

*

డిసెంబరు 2, 2025

నెమొతొ వారింట్లో ఉండబోయే గౌరవనీయులకు,

ఏడాది చివరి పనుల హడావిడిలో ఉంటారు. ఏ ఏడాది అన్నది మీకే తెలియాలి.

మీ ఉత్తరం అందింది. నివాసుల రిజిస్టరు మూడుసార్లు తిరగేశాను, మీ పేరు లేదు. పుట్టిన పద్నాలుగు రోజుల్లోగా మీ తల్లిదండ్రులు వచ్చి జననం నమోదు చేయించాలి. ఆ తర్వాత మీ విన్నపం పరిశీలిస్తాం. మీరు ఉత్తరం రాసిన తేదీకి అరవై ఏళ్ళ ముందే జవాబు పంపుతున్నామని గమనించగలరు. ఈ కార్యాలయం ఇంత త్వరగా ఎవరికీ జవాబు ఇచ్చి ఎరగదు.

విధేయురాలు,
ఒనొదెరా మిహో

తా.క. అదే ఇంట్లో ఉండే ఇసాము గారు చెట్లు నరకాల్సిందే అంటున్నారు. ఇంటి తగువు ఇంట్లోనే తేల్చుకుంటే మాకు సాయం చేసినవారవుతారు. ఆయన దగ్గర మా అంగీ ఒకటి ఉండిపోయింది. కనబడితే పంపగలరు.

*

డిసెంబరు 10, 2025

మిహో అమ్మాయికి ఆశీస్సులు.

రేపటి నుంచి మంచు పడుతుందంటున్నారు. ముల్లంగులు ఊరవేశాను, పార నూరి పెట్టుకున్నాను.

ఆ ఉత్తరం రాసింది నేనేనమ్మా. అంగీ ఒంటి మీద ఉన్నంతసేపూ నేను అప్పటి మనిషినని నువ్వే కదా రాశావు. సభలోంచి చలికి అంగీ విప్పకుండానే కొండకు పోయాను. ఇంటికొచ్చి విప్పకుండానే ఉత్తరం రాశాను. పోస్టులో వేసి, విప్పి మేకుకు తగిలించాక గోడ అవతల కుమగాయి దగ్గు వినబడింది. మళ్ళీ కప్పు కావాలనిపించింది.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. అంగీ వేసుకుంటే చెట్లు, విప్పితే కుమగాయి. వైద్యుడికి చూపించుకోమంటున్నాడు కుమగాయి. రోజూ ఆ మేకు పక్క నుంచి పోవాలంటే బెరుకుగా ఉంది. కుమగాయి కళ్ళెదురుగా ఉన్నాడు, అడుగుతాడు. ఆ పుట్టనివాడు ఏం అడగగలడు? వాడి ఉత్తరం చించేయమ్మా. వద్దు, ఉంచు. ఎవరైనా వాడికి సరైన జవాబు ఇవ్వండి. నా వల్ల కావడం లేదు.

ఇట్లు,
ఇసాము (అంగీ విప్పి రాసినది)

తా.క. ఇవాళ ఈ ఏటికి చివరి ఆట. గురి తప్పింది. బంతి గుండ్రంగా లేదు.

*

జనవరి 19, 2026

నెమొతొ గారికి,

చలి ముదిరింది. మెట్ల మీద జాగ్రత్తగా నడవండి. ఇది కార్యాలయం మాట కాదు, నా మాట.

మీ ఉత్తరాలు మేయరు గారికి చదివి వినిపించాను. “ఆ 2085 మనిషికి ఓటుందా?” అని అడిగారు. లేదన్నాను. “అయితే జవాబు అక్కర్లేదులే” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. జూన్ దాటి ఆలోచించే తీరిక ఆయనకు ఎవరూ ఇవ్వడం లేదు, అంతే.

కానీ వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు ఇవ్వాలని మా నిబంధన. పుట్టనివారికి జవాబు ఎలా రాస్తారో, ఇదివరకు ఎవరైనా రాశారేమోనని పాత కాగితాల గదిలో మూడు రోజులు వెతికాను. ఒక చెక్కపెట్టెలో విప్పని ఉత్తరం దొరికింది. 1895లో అప్పటి గ్రామపెద్ద హిరాత్సుక రొకుబెయి రాసి కార్యాలయంలో ఇచ్చినది. పైన ‘తూర్పు కొండ చెట్లు నరకబోయేవారికి’ అని ఉంది. దాని కింద గుమాస్తా రాత: ‘చిరునామాదారు ఇంకా పుట్టలేదు. భద్రపరచడమైనది.’ పక్కన ఎర్ర ముద్ర. ఆ గుమాస్తా బదిలీ అయ్యాక వచ్చినవాడు అదే మాట రాసి తన ముద్ర వేశాడు. ఆ తర్వాతివాడూ అంతే. నలభై ఒక్క ముద్రలు లెక్కపెట్టాను. యుద్ధం చివరి ఏడాది ముద్ర కూడా ఉంది. 1952లో కార్యాలయం కాలిపోయిందని విన్నాను. పెట్టె ఒక అంచు నల్లగా ఉంది. ఎవరో దాన్ని చంకన పెట్టుకుని బయటికి పరుగెత్తి ఉంటారు.

నేను ఆ నేల మీదే కూర్చుండిపోయాను. నూట ముప్పై ఏళ్ళలో ఒక్కరూ విప్పి చూడలేదు, ఒక్కరూ పారేయలేదు.

చెట్లు నరకమని అడిగింది మీరు కనుక చిరునామాదారు మీరే. జతచేస్తున్నాను. అందినట్టు సంతకం చేసి పంపండి.

విధేయురాలు,
మిహో

తా.క. ఇలాంటప్పుడు అంగీ సంగతి అడగడం బాగుండదు. అయినా అడుగుతున్నాను.

*

జూన్ 30, 2026

మిహో అమ్మాయికి ఆశీస్సులు.

వానలు పడుతున్నాయి. తూర్పు కొండ మబ్బులో ఉంది, చెట్లు సగం వరకే కనబడుతున్నాయి. సంతకం అప్పుడే పంపాను గానీ, సంగతి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

చేతులు కడుక్కుని, కుమగాయిని పక్కన కూర్చోబెట్టుకుని విప్పాను. నరకొద్దని ఉంటుందని, ఉంటే గట్టిగా పోట్లాడాలని సిద్ధపడ్డాను. రొకుబెయి గారు ఇలా రాశారు:

‘నరకండి. నరకడానికే నాటాం. మీకు ఏం కావాలో మాకు తెలియదు, అడుగుదామంటే మీరు లేరు. దేనికైనా పనికొస్తాయని దేవదారులు నాటాం. ఒకటే మనవి, నరికే ముందు మీ తర్వాతివాళ్ళకు నాటండి. ఇంకో మాట. మొక్కలు వద్దు, సుమో బరికి కప్పు వేయించమని నెమొతొ యసాకు అనేవాడు నాతో మాటలు మానేశాడు. తిట్టుకుంటూనే అందరికంటే ఎక్కువ మొక్కలు నాటాడు. అతని వంశంలో ఎవరైనా ఉంటే, నాకు కోపం లేదని చెప్పండి.’

యసాకు మా ముత్తాత.

కుమగాయి ఆ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నాడు. చివరికి, “ఒరే ఇసామూ, ఆ రోజు నువ్వు కౌగలించుకున్నది మీ ముత్తాత నాటిన చెట్టేనేమోరా” అన్నాడు. వద్దని ఉంటే నరికించేవాణ్ణే. తీసుకోమన్నారు, ఇక చెయ్యి రాలేదు.

మిగతాది నీకు తెలుసు. అరవై సంతకాలతో విన్నపం వెనక్కి తీసుకున్నాం, మేయరు గారు ఆ మధ్యాహ్నమే పని ఆపించారు. నాలుగు చెట్లు మాత్రం అడిగాం, ఆటస్థలం పక్కన కుమగాయి పొయ్యి ముందు కూర్చోడానికి చిన్న గది కోసం. వాటికంటే ముందు మేలో నాలుగు వందల మొక్కలు నాటాం. కుమగాయి తన మొక్కకు పేరు, ఇంటి నంబరు రాసిన చెక్క కట్టాడు. మొక్కకు ఏదైనా తేడా వస్తే తనకు కబురు చేస్తారట.

మొన్న ఆదివారం ఎన్నికలకు ఆకుపచ్చ అంగీ వేసుకునే వెళ్ళాను. అక్కడ అందరూ నవ్వారు. ఆ 2085 కుర్రాడికి ఓటు లేదన్నారు కదా. ఈసారికి నాది ఇచ్చాను.

దీనితో ఒక ఉత్తరం జతచేస్తున్నాను. పైన ‘తూర్పు కొండ చెట్లు నరకబోయేవారికి’ అని రాశాను. మొదటి ముద్ర నువ్వు వెయ్యి తల్లీ.

ఇట్లు,
యసాకు మునిమనవడు, ఇసాము

తా.క. అంగీ కూడా పంపుతున్నాను. నీ లెక్కలో వేసుకోకు, ఉత్తరంతో పాటు ఆ పెట్టెలోనే పెట్టు. అది వాడిది.