అమ్మ ముద్ద

కరీంనగర్

వినోదకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెబితే నీ బిడ్డ వింటుందని కార్డు రాస్తున్నాను.

ఈ మధ్య షారోను రాత్రి అన్నంలో చివరి ముద్ద వదిలేస్తోంది. తాత ముద్ద, మామ ముద్ద అంటే తింటుంది. అమ్మ ముద్ద అనగానే నోరు మూసుకుంటుంది. అన్నం పారేస్తే నేను ఊరుకోనని నీకు తెలుసు. కోప్పడ్డాను, మూలన నిలబెట్టాను. ఈ వేషాలు అంగన్‌వాడీలో నేర్చినవేనని, నిన్న మధ్యాహ్నం టీచరును అడగడానికి వెళ్లాను.

పిల్లలంతా వరుసగా కూర్చుని తింటున్నారు. షారోను తన పళ్లెం ఖాళీ చేసి, పక్కనున్న నిండు పళ్లేనికి చేయి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"గిది లావణ్యది అమ్మమ్మా. చేతులు కడుక్కోను పోయింది. పక్కోళ్లది తినొద్దని టీచర్ చెప్పింది."

"మంచిదే బిడ్డా" అన్నాను.

"మరి అమ్మ ముద్ద సుత అమ్మదే గదా? నేను తింటే అమ్మకేం ఉంటది?"

చేతిలో గొడుగు ఎప్పుడు జారిందో తెలియదు, టీచరే తీసి ఇచ్చింది.

నర్సింగు పరీక్షలు ఎప్పుడు? ఆదిలాబాద్ చలికి హాస్టల్లో దుప్పటి చాలుతోందా? నా స్టీలు డబ్బా మూతతో సహా తీసుకురా. ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరు. షారోను చూస్తుండగా ఆ ముద్ద నువ్వు తినాలి. అప్పటిదాకా రోజూ ఒక ముద్ద గిన్నెలో తీసి మూత పెడతాను, దాన్నేమీ అనను.

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

అమ్మ